ఆల్ఫా మీదే ఎందుకీ అనుమానం?

భౌతిక స్థిరాంకాలంత, అంటే కాంతి వేగంలా ఎప్పుడూ ఒకేలా ఉంటాయని నమ్మే విలువలంత బుద్ధిమంతులు విశ్వంలో మరొకరు లేరు. మాట మార్చవు, పక్షం మార్చవు. శాస్త్రవేత్తలకు వచ్చిన అనుమానమూ అదే. ఇన్ని వందల కోట్ల ఏళ్లుగా ఎవరైనా ఇంత బుద్ధిగా ఉంటారా? ఆ అనుమానం తిరిగి తిరిగి ఆల్ఫా అనే స్థిరాంకం మీద వాలింది.

ఈ కేసు పెట్టింది భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్. విశ్వం వయసు పెరిగేకొద్దీ గురుత్వాకర్షణ బలం ఎంతో చెప్పే గురుత్వ స్థిరాంకం తగ్గుతోందేమోనని 1937లో సందేహించారు. అదే జరిగి ఉంటే ఒకప్పుడు సూర్యుడు మరింత మండి, భూమ్మీద సముద్రాలు మరిగిపోయి ఉండాలని 1948లో మరో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ లెక్కగట్టారు. మరిగిన దాఖలాలు లేవు. ఇక్కడో తమాషా ఉంది. ఆ స్థిరాంకం విలువ ఎంతో ప్రయోగశాలలకు ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు, నాలుగో అంకె దగ్గరే పేచీ. అయినా అది ఏటా లక్ష కోట్లలో ఒక వంతు కూడా మారడం లేదని, చంద్రుడి మీది అద్దాలకు లేజర్ కొట్టి మరీ తేల్చేశారు. ఎంతో తెలియదు గానీ, అంతే ఉందని మాత్రం ఖాయం!

అసలు అన్యాయం ఇది కాదు. కాంతి వేగాన్ని ఈ ప్రశ్న అడగడానికే వీల్లేదు. 1983లో పెద్దలంతా కూర్చుని దాన్ని సెకనుకు 29,97,92,458 మీటర్లుగా ఖరారు చేసి, మీటరునే దాన్నిబట్టి నిర్వచించారు. ఇకమీద తేడా వస్తే తప్పు మీటరుది, కాంతిది కాదు. 2019 మే 20 నుంచి పరమాణు లోకాన్ని ఏలే ప్లాంక్ స్థిరాంకానికి, ఎలక్ట్రాన్ ఆవేశానికి కూడా ఇదే రక్షణ. పలుకుబడి ఉన్నవాళ్లు ఇలా బయటపడ్డాక దొరికింది ఆల్ఫా. విద్యుదయస్కాంత బలం ఎంతో చెప్పే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం అది, దాదాపు 137లో ఒక వంతు. దానికి మీటర్లు లేవు, కిలోలు లేవు, చాటున దాక్కోవడానికి ఏ కొలమానమూ లేదు. (ప్రోటాన్, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశుల నిష్పత్తి 1836 గారి మీదా నిఘా ఉంది లెండి.) కొలిచే బద్ద, కొలవాల్సిన వస్తువు కలిసి సాగితే ఎవరికీ తెలియదు కాబట్టి, ఒట్టి సంఖ్యను పట్టుకోవడమే న్యాయమట. న్యాయమెప్పుడూ ఒట్టిచేతులవాళ్ల దగ్గరే కదా మొదలయ్యేది!

మొదటి సాక్షి ఆఫ్రికాలో దొరికింది. గాబన్ దేశంలోని ఓక్లో గనిలో సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం తనంతట తానే అణు రియాక్టరులా పనిచేసిందని 1972లో బయటపడింది. అక్కడి రాళ్లలో సమేరియం-149 అనే ఐసోటోపు, అంటే సమేరియం మూలకంలో ఒక రకం ఉంది. దానికి న్యూట్రాన్లంటే విపరీతమైన ఆకలి. ఆల్ఫా రవ్వంత అటూ ఇటూ అయినా ఆ ఆకలి చచ్చిపోతుంది. రాళ్లలో మిగిలిన సమేరియాన్ని లెక్కపెడితే, అప్పుడూ ఆకలి ఇంతేనని తేలింది. కోటిలో ఒకటి రెండు వంతులకు మించి మార్పు లేదు.

రెండో సాక్షులు క్వేసార్లు, అంటే ఎంతో దూరాన ధగధగలాడే నక్షత్రవీథుల కేంద్రాలు. వాటి కాంతి దారిలో వాయు మేఘాల్ని దాటుతూ వస్తుంది కాబట్టి, వర్ణపటంలో నల్లగీతల మధ్య ఎడం చూసి ఆనాటి ఆల్ఫాను రాబట్టవచ్చు. 2001లో జాన్ వెబ్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపుతో చూసి, పది లక్షల్లో ఏడు వంతుల తేడా ఉందని ప్రకటించింది. అంతా సంబరం. 2004లో పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాకు చెందిన శ్రీఆనంద్ బృందం చిలీలోని టెలిస్కోపు డేటాతో చూస్తే తేడా కనబడలేదు. 2011లో వెబ్ బృందం మరో మాట చెప్పింది: ఆకాశంలో ఒకవైపు ఆల్ఫా తక్కువ, రెండోవైపు ఎక్కువ! చివరికి 2015లో గ్రహశకలాల మీద పడి వచ్చిన సూర్యకాంతితో ఆ టెలిస్కోపుల పరికరాల్నే పరీక్షిస్తే, తరంగదైర్ఘ్యాల్ని అవే కాస్త సాగదీస్తున్నాయని తెలిసింది. ఆ మార్పులో చాలావరకు దీని ఖాతాలోనే పడేట్టుంది. నిందితుడు ఆల్ఫా, దొరికింది దుర్భిణి.

పోనీ వదిలేశారా? 2021లో జర్మనీ శాస్త్రవేత్తలు యిటర్బియం అనే లోహంతో చేసిన పరమాణు గడియారాలతో ఇప్పుడేమైనా మారుతోందా అని చూశారు. ఆల్ఫాను 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వంతులు చేస్తే, ఏడాదికి అందులో రెండు మూడు వంతులకు మించి మార్పు లేదు. అయినా ‘మారలేదు’ అని ఒక్కరూ సంతకం పెట్టరు. ‘మారి ఉంటే మా కంటికి ఆననంత’ అంటారు. ఇలాంటి క్లీన్ చిట్ ఎవరికి ఇచ్చినా టెన్షనే.

ఇప్పుడు థోరియం-229 అనే అణుధార్మిక పదార్థం వంతు. 2024లో దాని కేంద్రకాన్ని లేజర్‌తో కదిలించగలిగారు. దాంతో గడియారం చేస్తే ఆల్ఫా మార్పును వేల రెట్లు సూక్ష్మంగా పసిగట్టవచ్చని ఆశ. ఆ గడియారం తయారయ్యేదాకా ఆల్ఫా విశ్వం దాటి ఎక్కడికీ వెళ్లరాదు. పాస్‌పోర్టు ముందే సరెండర్ చేయాలి.