ర్యాంకు వస్తే పాము

‘ముందు ర్యాంకు తెచ్చుకో, తర్వాత చూద్దాం’ అన్న మాట మీద విజయవాడలో సైకిళ్లు కొన్నారు, ఫోన్లు కొన్నారు, మా వీధిలో ఒకాయన కుక్కను కూడా కొన్నాడు. ఆ మాట పాము దాకా పాకుతుందని మాత్రం నేను ఊహించలేదు.

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్. పొద్దున ఆరున్నరకు బస్సు ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాడు. వాడికి పాము కావాలి. ఎందుకురా అంటే, మార్కులెన్ని అని అడగని ప్రాణి ఇంట్లో ఒకటైనా ఉండాలట.

దసరా సెలవుల్లో సత్యనారాయణపురంలోని అక్కావాళ్ల ఫ్లాటులో ఈ విషయమై కుటుంబ సభ జరిగింది. అధ్యక్షులు బావగారు. వాడు అట్ట మీద గళ్లు గీసి పట్టిక తెచ్చాడు. మూడు నిలువు వరుసలు: పాము, కుక్క, తమ్ముడు. అరుపు: పాముకు లేదు, కుక్కకు ఉంది, తమ్ముడికి విపరీతం. భోజనం: పాముకు వారం పది రోజులకొకసారి, కుక్కకు రెండు పూటలా, తమ్ముడికి నిరంతరం. ఫీజు గడిలో తమ్ముడి అంకె కింద ఎర్ర సిరాతో రెండు గీతలు.

చట్టం కూడా చదివాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి మన పాములను ఇంట్లో పెట్టుకోకూడదు. అందుకని పశ్చిమ ఆఫ్రికా జాతి కొండచిలువ బాల్ పైథాన్‌ను ఎంచుకున్నాడు. విషం లేదు. భయపడితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. (ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు వాడూ అంతే.) 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ వివరాలన్నీ కాగితం మీద రాసి, సంతకానికి చోటు వదిలి, తండ్రి ముందు పెట్టాడు.

‘ఎన్నేళ్లు బతుకుతుంది?’ అని అక్క అడిగింది. 30 ఏళ్ల దాకా బతకగలదన్నాడు. ‘నువ్వు అమెరికా వెళ్లాక దాన్ని ఎవరు చూస్తారు?’ తొమ్మిదో తరగతి వాడి వీసా ఇంట్లో అప్పటికే మంజూరైపోయింది.

పాము తొట్టిలో ఒక పక్క 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలట. చలి దేశాల్లో ఇందుకు హీటరు కొంటారు. బెజవాడ మే నెలలో పాముకు ఏసీ కొనాలి. బావగారు కరెంటు బిల్లు తలచుకుని కళ్లు మూసుకున్నారు. తెరిచి, తొట్టి ఏ మూల పెట్టాలి, వాస్తు ఏం చెబుతోంది అని అడిగారు. ఈశాన్యంలో దేవుడి గది ఉంది. అందులో వెండి నాగపడగ ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఎలా ఇముడుతారన్నది ఆయన సందేహం.

అసలు కథ నాయనమ్మ నోరు విప్పాక మొదలైంది. ఆవిడకు పాము అంటే అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా అది తినే దాని మీద. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పక్కన గడ్డకట్టిన ఎలుకలు పెడతానని మనవడు అనగానే ఆవిడ ముఖం మారింది.

‘పోనీ, కార్తీక మాసం ఒక్క నెలైనా మానేస్తుందా?’

‘ఒక్కోసారి నెలల తరబడి ఏమీ తినదు నాయనమ్మా.’

‘ఉపవాసమా!’ అని ఆవిడ లేచి సర్దుకు కూర్చున్నారు. ‘మీ నాన్న ఏకాదశికి టిఫిను కూడా మానలేడు. తెచ్చుకోరా.’

ఓటు పడిపోయింది. బావగారు కంగారుపడి, పామూ చావకుండా కర్రా విరగకుండా తీర్పు చెప్పారు. రాష్ట్రస్థాయి పరీక్షలో 100 లోపు ర్యాంకు వస్తే పాము. 500 లోపు వస్తే చేపలు. ఆపైన వస్తే, తమ్ముడు ఉన్నాడు కదా.

అక్కడితో ఆగితే నాకు రాయడానికేమీ ఉండేది కాదు. నాగుల చవితి వచ్చింది.

పొద్దున్నే అపార్ట్‌మెంటు మొత్తం వీధి చివరి పుట్ట దగ్గర చేరింది. చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్లు, పాకెట్లకు పాకెట్లు పాలు. పాములు పాలు తాగవు, వాటికి బయటి చెవులు లేవు. అయినా పుట్టలోకి వంగి ‘తోక తొక్కితే తొలగిపో, నడుము తొక్కితే నావాడనుకో’ అని విన్నవించుకున్నాం. బావగారి పేరులోనే నాగుడు ఉన్నాడు కాబట్టి ఆయన రెండు పాకెట్లు ఎక్కువ పోశారు.

మధ్యాహ్నం సెల్లారులో జనరేటర్ వెనక జెర్రిపోతు కనిపించింది. గోధుమరంగు, ఆరడుగులు. కర్రలు వచ్చాయి, క్రికెట్ బ్యాటు వచ్చింది, తడిగుడ్డ కట్టిన తుడుపు కర్ర కూడా వచ్చింది. మా వాడు చెప్పుల్లేకుండా నాలుగంతస్తులు దిగి వచ్చాడు. ‘జెర్రిపోతండీ, విషం లేదు, ఎలుకలను తింటుంది, అటవీ శాఖకు ఫోన్ చేద్దాం’ అని ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చెప్పాడు. చెవులు లేనిది పాముకే అనుకున్నాను.

తొలగిపో అని పొద్దున మనమే అడిగాం. అది తొలగిపోతూనే ఉంది, గోడ వారగా, ఎవరి జోలికీ రాకుండా. మనమే దారి కాశాం. నుదుటి మీద పొద్దుటి కుంకుమ ఇంకా ఆరలేదు, చేతిలో కర్ర. పెంచుకుంటే నేరమని చెప్పిన చట్టమే చంపినా నేరమని చెప్పింది. ఆ సంగతి అక్కడున్న వాళ్లలో పిల్లవాడికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. 2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగితే మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశాం. పామును శాంతింపజేయడానికి ఇన్ని మంత్రాలు నేర్చిన వాళ్లం, నాగుపాముకూ జెర్రిపోతుకూ తేడా నేర్చుకోలేమా? దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది పోతున్నారని అంచనా. ఎక్కువగా చంపేవి నాలుగే రకాలు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాలుగు పేర్లు! కెమిస్ట్రీలో 118 మూలకాలు బట్టీ పట్టించే ఊరికి నాలుగు పేర్లు బరువా? సిగ్గనిపించదా?

ఆ రోజు పామూ చచ్చింది, కర్రా విరిగింది. విరిగిన కర్రతో ఫొటోలు దిగారు.

ఈ నెల అపార్ట్‌మెంటు సంఘం నోటీసు అంటించింది. సెల్లారులో ఎలుకలు స్కూటర్ల వైర్లు కొరుకుతున్నాయి, మందు పెట్టడానికి ఇంటికి 200 రూపాయలు అదనం. బావగారు మారుమాట్లాడకుండా కట్టేశారు. మా మేనల్లుడు పాత అట్ట బయటికి తీసి, తమ్ముడి పక్కన నాలుగో వరుస గీసి, పైన ‘సంఘం’ అని రాశాడు. అరుపు గడి దగ్గర పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే అక్క చూసింది.

‘ఈ గీతలు గీసే సమయంలో రెండు లెక్కలు చేసుకోవచ్చు కదరా’ అంది.