అరబ్బులు ఎవరు? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి నా జవాబు

గల్ఫ్ వైపు ఏ గొడవ మొదలైనా మన వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక పాత మెసేజ్ మళ్లీ వచ్చి పడుతుంది. అందులో ఉండేది క్లుప్తంగా ఇదీ: ముస్లిం దేశాలన్నీ అరబ్ దేశాలే, ఇరాన్, టర్కీ కూడా అందులోవే. అరబ్బులంతా ముస్లింలే. వాళ్లందరిదీ ఒకే రక్తం. ఎడారిలో ఒంటెలు కాసుకునే తెగలు చమురు పడ్డాక షేకులయ్యారు. అరబిక్ మాట్లాడితే అరబ్బే. చివర్లో హైదరాబాద్ బార్కస్‌ని కూడా లాగి, అక్కడివాళ్లు పరాయి దేశపు అరబ్బులని తీర్పు చెప్పేస్తుంది.

ఇరాన్, టర్కీల సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. ఇరాన్‌లో ఎక్కువమంది మాట్లాడేది ఫార్సీ. లిపి అరబిక్ నుంచి తెచ్చుకున్నదే, భాష మాత్రం వేరే కుటుంబం. ఆ లెక్కన ఫార్సీకి అరబిక్ కన్నా హిందీయే దగ్గరి చుట్టం. టర్కీవాళ్లది టర్కిష్, దాన్ని 1928 నుంచి లాటిన్ అక్షరాల్లో రాస్తున్నారు. ఈ రెండు దేశాలూ అరబ్ దేశాల కూటమి అయిన అరబ్ లీగ్‌లో సభ్యులు కావు. ఇరాన్ నైరుతి మూల ఖుజెస్తాన్‌లో అరబ్బులున్న మాట నిజమే, దేశం మొత్తం మీద వాళ్లు మైనారిటీ. ఇరానీ స్నేహితుడు ఎవరైనా ఉంటే "మీ అరబ్బులు" అని ఒకసారి అని చూడండి. తర్వాత జరిగేదానికి నాకు పూచీ లేదు.

ఇక మతం. ప్రపంచంలో ముస్లింలు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశాల పేర్లు చెప్పమంటే ఇండొనేషియా, పాకిస్తాన్, ఇండియా, బంగ్లాదేశ్ అని చెప్పాలి. వీటిలో ఒక్కటీ అరబ్ దేశం కాదు. ప్రపంచ ముస్లింలలో అరబ్బులు సుమారు ఐదో వంతు.

అరబ్బులంతా ముస్లింలేనా అని ఇటు నుంచి చూసినా లెక్క కుదరదు. క్రీస్తుపూర్వం 853లో అస్సీరియా రాజు ఖర్ఖర్ దగ్గర చేసిన యుద్ధం గురించి చెక్కించిన శాసనంలో, వెయ్యి ఒంటెలతో వచ్చిన గిందిబు అనే అరబ్బు కనిపిస్తాడు. సిరియాలోని నమారాలో దొరికిన క్రీ.శ. 328 నాటి సమాధి శాసనం, ఇమ్రుల్ ఖైస్ అనే రాజును అరబ్బులందరికీ రాజు అంటుంది. ఇస్లాం రావడానికి అప్పటికి ఇంకా మూడు వందల ఏళ్లు ఉంది. ఘస్సానీలనే అరబ్ రాజవంశం బైజాంటైన్ సామ్రాజ్యం సరిహద్దు కాసిన క్రైస్తవులది.

వాళ్లంతా తర్వాత మారిపోయి ఉంటారు కదా అంటారేమో. అందరూ మారలేదు. లెబనాన్‌లో 1943 నుంచి వస్తున్న ఒప్పందం ప్రకారం అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడే అయి ఉండాలి. అరబ్బులందరిదీ ఒకే దేశం కావాలని 1947లో బాత్ పార్టీ పెట్టినవాళ్లలో ముఖ్యుడు మిషెల్ అఫ్లక్. డమాస్కస్‌లో గ్రీక్ ఆర్థడాక్స్ క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. 19వ శతాబ్దంలో అరబిక్‌కి కొత్త నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టిన బుత్రుస్ అల్ బుస్తానీ కూడా క్రైస్తవుడే. అరబ్ జాతీయవాదం అనే ఆలోచనలోంచి క్రైస్తవుల్ని తీసేస్తే సగం కథ పోతుంది.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మాత్రం సంగీతంలో ఉంది. 1932లో కైరోలో అరబ్ సంగీత మహాసభ జరిగింది. రకరకాల అరబ్ దేశాల నుంచి బృందాలు వచ్చి పాడాయి, రికార్డులూ తీశారు. ఇరాక్ తరఫున వచ్చిన గాయకుడు ముహమ్మద్ అల్ ఖుబ్బాంజీ ముస్లిం. ఆయన వెనక కూర్చుని వాయించినవాళ్లు దాదాపు అందరూ యూదులు. అరబ్ సంగీతం అంటే ఏమిటో తేల్చడానికి పెట్టిన సభలో ఇరాక్ వినిపించింది వాళ్ల చేతి వాద్యాలే. 1950-51లో లక్ష మందికి పైగా ఇరాకీ యూదులు దేశం వదిలి ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఇళ్లలో అరబిక్ మాట్లాడిన ఆ కుటుంబాల వారసుల్లో కొందరు ఇప్పటికీ తమను అరబ్ యూదులమని చెప్పుకుంటారు. కొందరు ఆ మాటే ఒప్పుకోరు. ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులదీ ఇలాంటి మెలికే. వాళ్ల ఇంటి భాష అరబిక్. అయినా అరబ్బులంటే చాలామంది ఒప్పుకోరు, ఫారోల నాటి ఈజిప్షియన్లమంటారు.

ఒకే రక్తమన్న మాటను అరబ్బుల సొంత వంశావళులే ఒప్పుకోవు. వాళ్ల సంప్రదాయంలో రెండు మూలపురుషుల కథలున్నాయి. దక్షిణాన ఖహ్తాన్ సంతతి అసలు అరబ్బులు. ఉత్తరాన అద్నాన్ సంతతి తర్వాత అరబ్బులైనవాళ్లు. ప్రవక్త ముహమ్మద్ పుట్టిన ఖురైష్ తెగ ఈ రెండో కొమ్మలోనే వస్తుంది. ఆ కొమ్మకు మూలమని చెప్పే ఇస్మాయిల్ అరబిక్ నేర్చుకున్నది జుర్హుం అనే మరో తెగ దగ్గర. అంటే అరబ్బులుగా పుట్టడం లాగే అరబ్బులుగా మారడం కూడా ఉంటుందని వాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు.

చరిత్రలో జరిగిందీ అదే. ఏడో శతాబ్దం చివర్లో ఖలీఫా అబ్దుల్ మాలిక్ సర్కారీ లెక్కలు అరబిక్‌లోకి మార్పించాడు. ఉద్యోగం కావాలంటే ఆ భాష రావాలి. ఈజిప్టు, సిరియా, ఇరాక్ జనం తరతరాలుగా మెల్లగా మారుతూ వచ్చారు. ఇప్పటి లెబనాన్ ప్రజల వారసత్వంలో 90 శాతానికి పైగా కంచు యుగం నాటి కనానీయులదేనని 2017లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం చెప్పింది. మనుషులు చాలావరకు వాళ్లే, భాష మారింది. అరబిక్ వ్యాకరణానికి పునాది వేసిన సీబవైహ్ పర్షియన్. అరబ్ జాతీయవాదానికి భాషే ప్రాణమని జీవితమంతా వాదించిన సాతి అల్ హుస్రీ పెరిగింది ఒట్టోమన్ టర్కిష్‌లో. అరబిక్ ఆయనకు తర్వాత వచ్చిన భాష.

ఒంటెలూ ఎడారీ అనే ముక్క మీద ఎక్కువ సమయం పెట్టను. దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లో గేదెల్ని మేపుకునే అరబ్బులున్నారు. రెల్లు మోపుల్ని విల్లులా వంచి, మేకు అన్నది లేకుండా పెద్ద పెద్ద ఇళ్లు కడతారు, పడవల్లో తిరుగుతారు. 1991 తిరుగుబాటు తర్వాత సద్దాం ప్రభుత్వం ఆ నీళ్లన్నీ తోడించి వాళ్లను చెల్లాచెదురు చేసింది. 2003 తర్వాత గట్లు తెగ్గొట్టి మళ్లీ నీళ్లు వదిలారు. ఒమన్‌లోని సలాలాలో పని చేసి వచ్చినవాళ్లు మీ ఊళ్లో ఉంటే అడగండి, వానాకాలం అక్కడ కొబ్బరి తోటలూ పచ్చటి కొండలూ ఎలా ఉంటాయో చెబుతారు.

భాష గురించి చెప్పిందొక్కటే నిజానికి కాస్త దగ్గరగా వచ్చింది. కానీ అదీ పూర్తిగా నిలబడదు. మాల్టా ప్రజల భాష అరబిక్ నుంచే పుట్టింది. దాన్ని లాటిన్ లిపిలో రాస్తారు. వాళ్లు కేథలిక్కులు, తమను అరబ్బులనుకోరు. దక్షిణ సూడాన్‌లో వేర్వేరు తెగలవాళ్లు సంతలో మాట్లాడుకునేది జూబా అరబిక్. అయినా అరబ్ పెత్తనం వద్దనే దశాబ్దాలు పోరాడి 2011లో సూడాన్ నుంచి విడిపోయారు. మొరాకో, అల్జీరియాల్లో అరబిక్ వచ్చిన అమాజిగ్ (బెర్బర్) జనం లక్షల్లో ఉన్నారు. మేం అరబ్బులం కాదని పోట్లాడి తమ భాషకు అధికార హోదా తెచ్చుకున్నారు, మొరాకోలో 2011లో, అల్జీరియాలో 2016లో. మరోవైపు సొమాలియా ప్రజల మాతృభాష సొమాలీ, అయినా ఆ దేశం 1974 నుంచి అరబ్ లీగ్‌లో ఉంది. అది రాజకీయ సభ్యత్వం. దాన్ని చూసి మనిషి ఎవరో తేల్చలేం.

అంత దూరం ఎందుకు, కువైట్‌లో ఏళ్ల తరబడి బండి నడిపిన కడప డ్రైవర్ కఫీల్‌తో (తన వీసాకు పూచీ ఉన్న యజమానితో) అరబిక్ గడగడా మాట్లాడతాడు. అతన్ని ఎవరూ అరబ్బు అనరు. అతని పక్క గదిలో ఉండే ఈజిప్టు మేస్త్రీ అరబ్బే, కానీ అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ టెన్షన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. చమురు డబ్బుతో అందరూ షేకులైపోయారనే ముక్కకు ఆ మేస్త్రీయే సమాధానం.

నా మటుకు నేను ఇలా చూస్తాను: అరబిక్‌ని తన వారసత్వంగా భావించాలి, తాను అరబ్బునని తానే అనుకోవాలి, చుట్టూ ఉన్న అరబ్బులు ఔననాలి. ఈ మూడూ ఎప్పుడూ ఒకచోట కలవవు, గొడవలన్నీ అక్కడే.

బార్కస్ సంగతి చెప్పి ఆపుతాను. అక్కడి కుటుంబాల్లో చాలావాటి పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో పనికి వచ్చారు. రాకపోకలు రెండు వైపులా ఉండేవి: ఇక్కడి సైన్యంలో జమాదారుగా సంపాదించిన ఖుఐతీ కుటుంబం అక్కడికి వెళ్లి సుల్తానులైంది, ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. 1948లో పోలీసు చర్య తర్వాత ఇక్కడి అరబ్బుల్ని పెద్ద సంఖ్యలో నిర్బంధించారు, చాలామందిని వెనక్కి పంపేశారు. ఉండిపోయినవాళ్లు భారత పౌరులు. తాతల తెగ పేర్లు ఇంటిపేర్లుగా మిగిలాయి, ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. తమను అరబ్బులని చెప్పుకుంటారు, హైదరాబాదీలమనీ చెప్పుకుంటారు. రెంటిలో ఒకటే ఎంచుకోమనే హక్కు ఆ మెసేజ్ రాసినవాళ్లకు ఎవరిచ్చారు?