ఖండానికో సీటు, శాఖకో ఖండం

లెబనాన్‌ను చిన్న దేశం అనేవాళ్లకు లెక్కలు రావు. లోపలున్న లెబనీయుల కంటే బయటున్నవాళ్లే ఎక్కువంటారు. లోపల ఎంతమంది ఉన్నారని అడగడం మాత్రం మర్యాద కాదు. చివరి అధికారిక జనగణన 1932లో జరిగింది. ఆ లెక్కను పట్టుకునే 1943లో అధ్యక్ష పదవి మరోనైట్ క్రైస్తవులకు, ప్రధాని పదవి సున్నీలకు, స్పీకర్ పదవి షియాలకు అని పంచుకున్నారు. మళ్లీ తలలు లెక్కపెడితే వాటాలూ మార్చాలి కదా, ఎందుకొచ్చిన తలనొప్పి!

పరాయి దేశంలో పైకొచ్చిన తలలనైతే ఒక్కటీ మరిచిపోరు. 2016లో బ్రెజిల్ అధ్యక్షుడైన మిషెల్ తెమెర్ పేరిట ఆయన తల్లిదండ్రుల ఊరు బ్తాబూరాలో ఓ వీధే ఉంది. ఈక్వెడార్‌కు లెబనీస్ మూలాలున్న అధ్యక్షులు ఇద్దరు. అబ్దలా బుకారామ్‌ను మానసిక స్థితి బాగాలేదని 1997లో పార్లమెంటే పీకేసింది. జమీల్ మావాద్‌ను 2000లో జనమూ సైన్యమూ కలిసి దించేశారు. ఎక్కడం మన జాతి ప్రతిభ, దిగడం ఈక్వెడార్ అంతర్గత వ్యవహారం. ఇక నిస్సాన్ కార్ల కంపెనీ మాజీ అధిపతి, జపాన్‌లో కేసుల్లో చిక్కుకున్న కార్లోస్ గోన్ సంగతి. 2017లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేశారు. 2019 డిసెంబర్‌లో ఆయన జపాన్ పోలీసుల కన్నుగప్పి, సంగీత పరికరాల పెట్టెలో దూరి బీరూట్ చేరుకున్నాడు. బిళ్ల ముందే అంటించారు, పార్సిల్ తర్వాత వచ్చింది. ఇందులో ఆశ్చర్యపడాల్సిందేముంది?

రక్తసంబంధం విషయంలో చట్టం మరీ నిక్కచ్చి. సావో పాలోలో ఓ కుర్రాడున్నాడనుకుందాం. బార్లో బీరుతో కిబే అనే లెబనీస్ మాంసపు వంటకం నంజుకోవడం తప్ప అతనికి అరబ్బు వాసనే తెలియదు. ముత్తాత ఒట్టోమన్ (టర్కీ) సామ్రాజ్యపు కాగితాలతో ఓడ దిగాడు గనక చుట్టుపక్కలవాళ్లు వాణ్ని టర్కీవాడంటారు. అయినా ఆ ముత్తాత నాన్నవైపు వాడై, పేరు పాత రికార్డుల్లో ఉంటే చాలు, పౌరసత్వానికి అర్జీ పెట్టుకునే వీలు 2015 చట్టం ఇచ్చింది. అదే బీరూట్‌లో లెబనీస్ తల్లికి, ఈజిప్టు తండ్రికి పుట్టి, బీరూట్ యాసలోనే ఏడ్చి, అక్కడి బడిలోనే చదివిన పిల్లకు పౌరసత్వం లేదు. పుట్టిన ఊళ్లో ఉండటానికి రెసిడెన్స్ పర్మిట్ తెచ్చుకోవాలి. తల్లి రక్తానికి ఇంకా గుర్తింపు రాలేదు మరి.

ప్రవాసుల డాలర్లకు మాత్రం అమ్మవైపా నాన్నవైపా అన్న పట్టింపు లేదు. 2019లో బ్యాంకులు గల్లాపెట్టె మూసేసినప్పుడు అందరి సొమ్మునూ సమానంగానే బిగబట్టాయి. లింగవివక్ష లేని సంస్థలు ఆ దేశంలో అవే.

ఇంతటి ప్రేమకు గుర్తుగా 2017 ఎన్నికల చట్టం ప్రవాసులకు ఆరు సీట్లు ఇచ్చింది. ఖండానికొకటి, ఆరు మత శాఖలకూ తలా ఒకటి. ఏ ఖండం ఏ శాఖకో తేలకపోవడంతో 2022 ఎన్నికల్లో వాటిని అమలు చేయకుండా వాయిదా వేశారు. ఇంత సులువైన చిక్కుకు అంత టెన్షన్ ఎందుకో! చీటీలు వేయండి. ఆస్ట్రేలియా డ్రూజ్ శాఖవాళ్లకు వస్తే అక్కడి మరోనైట్లు ఓడెక్కి మకాం మార్చుకుంటారు, ఆ జాతికి వలస కొత్తేమీ కాదు.

ఏడో ఖండం అంటార్కిటికా ఎలాగూ ఖాళీగా ఉంది. దాన్ని లెబనీస్ తల్లుల పిల్లలకు రాసిచ్చేయండి. అక్కడైతే రెసిడెన్స్ పర్మిట్ అడిగేవాడుండడు.