సిలికాన్ పూసి ఇంజిన్‌ను చంపకండి

నెల రోజులుగా ఒకే సందేశం నలుగురు మిత్రుల నుంచి నాకు వచ్చింది. ‘పాత బ్రిటిష్ ట్విన్ కొనేవారికి ఆరు రహస్యాలు’ అని దాని శీర్షిక. ట్విన్ అంటే రెండు సిలిండర్ల మోటార్‌సైకిల్. ట్రయంఫ్, నార్టన్, బీఎస్ఏ బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టి, పదేళ్ల అనుభవం ఒక్క పేజీలో ఇస్తున్నామని అందులో రాశారు. 1983లో మూతపడిన ట్రయంఫ్ వారి మెరిడెన్ కర్మాగారం ఇంగ్లండ్‌లో నేనుంటున్న కోవెంట్రీకి ఆనుకునే ఉండేది. అక్కడ తయారైన 1969 నాటి ట్రయంఫ్ బోనెవిల్‌ను పదకొండేళ్లుగా నా చేతులతోనే విప్పి బిగిస్తున్నాను కనుక, దీనికి జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఇంట్లో ఉన్న స్పానర్లు చాలన్నది మొదటి రహస్యం. చాలవు. ఈ బండ్ల నట్లకు పాత బ్రిటిష్ కొలతల విట్‌వర్త్ స్పానర్లు కావాలి. ఆ స్పానర్ మీది అంకె బోల్టు కాడ మందాన్ని చెబుతుంది తప్ప నట్టు వెడల్పును కాదు. దగ్గరగా ఉందని మెట్రిక్ స్పానర్ వేస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. బండి వణికితే ఇంజిన్ పోయినట్టేనన్నది రెండోది. ఈ బండ్లలో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి లేచి ఒకేసారి దిగుతాయి కాబట్టి వణుకు పుట్టుకతోనే ఉంటుంది. 1967లో వచ్చిన నార్టన్ కమాండోలో ఇంజిన్‌ను రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టింది అందుకే.

మూడోది ప్రమాదకరం. ‘బ్యాటరీ ప్లస్ వైరును ఫ్రేమ్‌కు కలపడం ఎవరో మెకానిక్ చేసిన తప్పు, తిప్పి కలపండి’ అంటున్నారు. అది తప్పు కాదు, 1960ల నాటి ఈ బండ్లు పాజిటివ్ ఎర్త్‌తోనే, అంటే ప్లస్ వైరు ఫ్రేమ్‌కు కలిసేలాగే, తయారయ్యాయి. తిప్పి కలిపిన క్షణంలో బ్యాటరీ చార్జింగును నడిపే రెక్టిఫైయర్, జీనర్ డయోడ్ గుండా కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారుతుంది. ఫ్యూజు లేని బండిలో వైరింగే అంటుకోవచ్చు.

ఇక నాలుగోది. ఆయిల్ కారే ప్రతి అతుకుకూ సిలికాన్ సీలెంట్ ‘దిట్టంగా’ పట్టించమంటున్నారు. ఈ ఒక్క వాక్యం ఎన్ని ఇంజిన్లను పాడుచేస్తుందో రాసినవారు ఒక్కసారైనా ఆలోచించారా? నా బండిని అమ్మిన వ్యాపారి ఇంజిన్ పూర్తిగా బాగుచేశామని చెప్పాడు. మొదటి చలికాలంలో ఇంజిన్ పక్కన టైమింగ్ గేర్లను, ఆయిల్ పంప్‌ను మూసే టైమింగ్ కవర్ విప్పి చూస్తే, లోపలి అంచు పొడవునా నీలం రంగు సిలికాన్ వానపాములా వేలాడుతోంది. అందులో వేలెడు ముక్క అప్పటికే తెగి ఎటో పోయింది. బయటికి పొంగిన సిలికాన్ కంటికి కనిపిస్తుంది, తుడిచేస్తాం. లోపలికి పొంగినది వేడి ఆయిల్‌లో నాని తెగి అడుక్కి చేరుతుంది. పెద్ద ముక్క అక్కడి జల్లెడను మూసేస్తే ఆయిల్ తిరిగి ఆయిల్ ట్యాంకుకు చేరదు. జల్లెడ దాటిన పలుకు ఆయిల్ పంప్‌లో ప్లంజర్ కింద ఉండే బుల్లి ఉక్కు గోళీ కింద ఇరుక్కుంటుంది. ఆ గోళీ సరిగ్గా కూర్చోకపోతే పంప్ ఆడుతూనే ఉంటుంది కాని ఆయిల్ నెట్టదు. పిస్టన్ కడ్డీలను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగులు ఎండిపోయి పట్టేస్తాయి.

అసలే ఈ క్రాంక్‌షాఫ్ట్ లోపల ఒక గొట్టం ఉంటుంది. తిరిగే వేగానికి ఆయిల్‌లోని మడ్డి దాని గోడలకు విసిరికొట్టుకుని పేరుకుంటుంది. మా బండిలో ఆ గొట్టాన్ని తీసినప్పుడు నల్లటి మడ్డి మైనంలా గట్టిపడి, మధ్యలో పెన్సిల్ దూరేంత సందు మాత్రమే మిగిలింది. దాన్ని శుభ్రం చేయాలంటే ఇంజిన్‌ను పూర్తిగా విప్పక తప్పదు. ఈ బండిని ఉంచుకోవడమంటే ఇంత పని, ఇంత ఖర్చు. దీని గురించి ఆ సందేశంలో ఒక్క ముక్కైనా లేదు! కవరుకు, కేసుకు మధ్య ముఖాలను గాజు పలక మీద చదునుగా రుద్ది, గట్టిపడని జాయింటింగ్ కాంపౌండ్‌ను పల్చటి పొరలా రాస్తే చాలు.

నలభై ఏళ్లు దాటిన బండికి బ్రిటన్‌లో ఏటా పరీక్ష అక్కర్లేదన్న అయిదో మాట, బండిలో పెద్ద మార్పులు చేయనంతవరకు నిజమే. దాన్నుంచి ‘ఏ తనిఖీ అక్కర్లేదు’ అన్న తీర్పు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. బ్రేకులు పట్టని బండిని రోడ్డెక్కించడం ఏ వయసు బండికైనా నేరమే.

ఆరోదాన్ని మాత్రం ఒప్పుకోవాలి. స్పార్క్ ఎప్పుడు రావాలో నిర్ణయించే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమన్నారు. అసలు రూపం చెడుతుందని నేను ఎనిమిదేళ్లు మొండికేశాను. నాదే పొరపాటు. రెండు జతల పాయింట్లు వేర్వేరుగా అరుగుతుంటే రెండు సిలిండర్ల టైమింగ్ ఒకలా నిలవదు. ఇప్పుడు నా బండి చలిలో కూడా రెండో కిక్కుకు అందుకుంటుంది. బ్యాటరీని మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచుకోవాలి.

ఈ సందేశం నమ్మి ఇప్పటికే సిలికాన్ పూసినవారు దయచేసి కిక్ కొట్టకండి. ముందు ఆయిల్ దించి, ఇంజిన్ అడుగున ఉన్న జల్లెడ ప్లగ్ విప్పి, తెల్లటి గుడ్డ మీద దులిపి చూడండి. రబ్బరులా సాగే పలుకు ఒక్కటి రాలినా టైమింగ్ కవర్ విప్పండి.