మిగిలిందనుకున్న రూపాయికి ముందే పద్దు ఉంది

బడులు తెరిచే జూన్ నెలలో గాజులో గొలుసో తాకట్టు పెట్టి పిల్లల ఫీజు కట్టే ఇళ్లు నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో తక్కువేమీ కాదు. అది చెప్పకుండా వచ్చిపడిన ఖర్చేమీ కాదు. నిరుడూ అదే నెలలో కట్టారు, వచ్చే ఏడూ కట్టాలి. అయినా జూన్ వచ్చేసరికి చేతిలో డబ్బుండదు. సంపాదన చాలక ఇలా జరిగే ఇళ్లు ఉన్నాయి. చాలినంత సంపాదన ఉండి కూడా ఇలాగే జరిగే ఇళ్లు అంతకంటే ఎక్కువని నా అభిప్రాయం, ప్రతి రూపాయికీ ముందే ఒక పద్దు రాసిపెట్టే జీరో బేస్డ్ బడ్జెట్ పనికొచ్చేది ముఖ్యంగా వాళ్లకే.

ఈ పద్ధతికి మూలం 1960ల చివర్లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో పీటర్ పైర్ రూపొందించిన విధానం. జార్జియా గవర్నర్‌గా జిమ్మీ కార్టర్ దాన్ని రాష్ట్ర బడ్జెట్‌కు వర్తింపజేశారు, మన కేంద్ర ప్రభుత్వం కూడా 1986లో చేపట్టింది. నిరుడు ఇంత ఇచ్చాం కాబట్టి ఈసారి మరికొంత కలిపి ఇద్దామనే అలవాటును పక్కనబెట్టి, ప్రతి పద్దునూ సున్నా నుంచి మొదలుపెట్టి, ఎందుకు కావాలో మళ్లీ అడగడమే అందులోని సారం. ఇంటి లెక్కకు వచ్చేసరికి నెల మొదట్లోనే చేతిలో ఉన్న ప్రతి రూపాయికీ ఒక పని అప్పజెప్పి, పని లేని రూపాయి ఒక్కటీ మిగలకుండా చూసుకుంటారు. సున్నా కావలసింది పని చెప్పని సొమ్మే గానీ బ్యాంకులో నిల్వ కాదు. పొదుపు కూడా ఇక్కడ ఒక పద్దే.

నెల్లూరులోని వేదాయపాళెంలో అద్దెకుంటూ నెలకు 42,000 జీతం తెచ్చుకునే కుటుంబాన్ని ఊహించుకుందాం. అద్దె 9,000, సరుకులూ పాలూ కూరగాయలూ చేపలకు 11,000, గ్యాసు, కరెంటు, ఫోన్లకు 3,000, పెట్రోలుకు 2,000, బండి వాయిదా 3,500, చీటీ 5,000 పోగా 8,500 మిగులుతుంది. మిగిలింది కదా అని అది హోటలుకో, ఆన్‌లైన్‌లో కొన్న చీరకో, ఫోన్లో స్కాన్ చేసి కట్టేసిన అరవైలకూ ఎనభైలకూ కరిగిపోతుంది. అదే ఇంట్లో జూన్‌లో కట్టే ఫీజు 36,000 అనుకుంటే నెలకు 3,000 అవుతుంది. ఏడాదికోసారి కట్టే బీమా 12,000కు నెలకు వెయ్యి, పండగలకూ పెళ్లిళ్ల చదివింపులకూ పోయే 18,000కు నెలకు 1,500. అంటే ఆ 8,500లో 5,500 ఎప్పుడో ఖర్చు ఖాయమైన సొమ్మే, తారీఖు రాలేదంతే. నిజంగా మన ఇష్టానికి మిగిలింది 3,000, దాన్ని ఆసుపత్రి అవసరానికి 2,000గా, రికరింగ్ డిపాజిట్‌కు 1,000గా కేటాయిస్తే లెక్క సున్నాకు వస్తుంది.

ఈ లెక్క వేసుకోని ఇల్లు జూన్‌లో ఆ 36,000ను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 720, ఏడాదికి 8,640 అదనంగా కట్టాలి. ముందే తెలిసిన ఖర్చుకు 24 శాతం జరిమానా అది.

నెల జీతం లేని ఇళ్లకు ఈ పద్ధతి పనికిరాదని కొందరంటారు. నేను సరిగ్గా దానికి ఎదురు మాట చెబుతాను. కొండపి, టంగుటూరు ప్రాంతాల పొగాకు రైతుకు ఏడాది రాబడి వేలం జరిగే కొద్ది నెలల్లోనే వస్తుంది. బేళ్లు అమ్మిన సొమ్ములోంచి బ్యాంకు అప్పు పోగా 2,40,000 చేతికొచ్చిందనుకుంటే చూపుకు అది పెద్ద మొత్తమే. ఇల్లు గడవడానికి నెలకు 15,000 చొప్పున పన్నెండు నెలలకు 1,80,000 పక్కనబెట్టి, మిగతా 60,000ను వచ్చే పంట నారుకూ కూలీలకూ, ఆకు కాల్చే బ్యారన్‌కు కావలసిన పుల్లలకూ రాసిపెడితే, ఆ రోజే చేతిలో పని లేని రూపాయి లేదని తెలుస్తుంది. అప్పుడు వేడుకకో కొత్త బండికో 30,000 కావాలని ఇంట్లో ఎవరైనా అడిగితే, ఉందా లేదా అనే మాటే రాదు. ఏ రెండు నెలల తిండిలోంచి తీయాలనేదే అసలు ప్రశ్న అవుతుంది. ఇంట్లో వాళ్లంతా కూర్చుని ఈ ప్రశ్న అడుక్కోగలగడమే ఈ పద్ధతిలోని అతి పెద్ద మేలని నేను నమ్ముతాను.

రొయ్యల రైతులకూ పొదలకూరు వైపు నిమ్మ రైతులకూ ఇందులోని మరో నియమం ముఖ్యం. చేతికొచ్చిన సొమ్మునే పంచాలి తప్ప, రాబోయే సొమ్మును లెక్కలో వేయకూడదు. చెరువులో ఉన్న వనామీ రొయ్య ఇంకా రూపాయి కాదు, వైరస్ తగలవచ్చు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) అనుకున్నట్టు రాకపోవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, చెరువు గట్టు మీది ధర మన చేతిలో లేదని ఈ తీరమంతా చూసింది. పట్టుబడి కాకముందే ఆ రాబడి మీద ఇంటి ఖర్చు రాసుకున్న కుటుంబానికి అప్పు తప్ప దారి ఉండదు.

దీనివల్ల ఆదాయం పెరగదన్నది నిజమే. పద్దులన్నీ రాశాక లెక్క సున్నాకు రాకుండా అప్పులోకి దిగే ఇళ్లూ ఉంటాయి. వాటికీ ఒక మేలుంది. ఇరవై అయిదో తారీఖున తెలిసే లోటు ఒకటో తారీఖునే తెలుస్తుంది, ఏ వాయిదా గురించి ఎవరితో మాట్లాడాలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. శ్రమ ఎక్కువన్న విమర్శ ప్రభుత్వాల విషయంలో న్యాయమైనదే, వేల పథకాలను ఏటా మొదటి నుంచి పరిశీలించడం కాగితాల మోతగా మారింది. ఇంటికి మాత్రం పదిహేను పద్దులు మించవు. మొదటి రెండు మూడు నెలలు అంచనాలు తప్పుతాయి. కూరగాయల పద్దు పదిహేనో తారీఖుకే అయిపోతే పెట్రోలులోంచో చదివింపుల్లోంచో తెచ్చి పూడ్చవచ్చు, కాకపోతే ఎక్కడి నుంచి తెచ్చామో ఆ పద్దు పక్కనే రాసి, వచ్చే నెల ఆ అంకెను మార్చుకోవాలి.