ఢిల్లీ నుంచి అల్మాటీ 1,640 కిలోమీటర్లేనట!

ఢిల్లీ వాళ్లకు చెన్నై కంటే కజకిస్తాన్‌లోని అల్మాటీ దగ్గర. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. గాలి దారిన చెన్నైకి దాదాపు 1,760 కిలోమీటర్లు, అల్మాటీకి సుమారు 1,640. ఢిల్లీ, అల్మాటీ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కాబట్టి, మ్యాప్ మీద స్కేలు పెట్టి ఢిల్లీ నుంచి నిటారుగా పైకి గీత గీస్తే అది సిమ్లా పక్క నుంచి లద్దాఖ్, సియాచిన్, చైనాలోని యార్కండ్, కిర్గిజ్‌స్తాన్‌లోని ఇస్సిక్ కుల్ సరస్సు దాటుకుని సరిగ్గా అల్మాటీకి చేరుతుంది.

దూరాలు చూపించే వెబ్‌సైట్లు చేసేదీ అదే. ఆ కిలోమీటర్లను గంటకు 800 చొప్పున భాగించి, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ ఓ అరగంట కలిపి ‘రెండున్నర గంటలు’ అనేస్తాయి. కానీ ఆ గీత పట్టుకుని ప్యాసింజర్ విమానాలు వెళ్లవు. సైన్యాలు, సరిహద్దుల గొడవ సరే, కొండల సంగతి ఇంకొకటి ఉంది. విమానం 35,000 అడుగుల్లో పోతుంది, కారకోరం శిఖరాలు 28,000 దాకా ఉంటాయి, గుద్దుకునే భయం లేదు. అయితే క్యాబిన్‌లో ఒత్తిడి పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి, నెత్తి మీద నుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ మామూలుగా ఓ పావుగంట వస్తుంది, మరి కింద అంతా ఇరవై వేల అడుగుల కొండలే ఉంటే దిగేదెక్కడ?

అందుకే పడమరకు తిరిగి పాకిస్తాన్ మీదుగా వెళ్లాలి. అసలు తలనొప్పి అక్కడే.

పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేసింది, వారం తిరక్కుండా మనమూ మూశాం. ఇక అరేబియా సముద్రం మీదుగా ఇరాన్ వైపు చుట్టి రావాలి. ఇండిగో 2023లో మొదలుపెట్టిన అల్మాటీ, తాష్కెంట్ సర్వీసులను, ఆ దారిన మా విమానాలు అంత దూరం పోలేవంటూ అప్పట్లో ఆపేసింది. నిషేధం భారత సంస్థలకే కాబట్టి కజకిస్తాన్ వాళ్ల ఎయిర్ అస్తానాకు ఆ అడ్డంకి లేదు, మూడు గంటల పైచిలుకులో చేరుస్తుంది. (టికెట్ మీద టైములు తీసివేసి చూస్తే ఇంకో అరగంట తక్కువ కనిపిస్తుంది. 2024 మార్చి నుంచి అల్మాటీ గడియారం మనకంటే అరగంట వెనక.)

2019లోనూ ఇదే తంతు. బాలాకోట్ తర్వాత ఫిబ్రవరి 27 నుంచి జులై 16 దాకా దారి మూస్తే, జులై 2 నాటికే ఎయిర్ ఇండియాకు 491 కోట్ల నష్టమని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. పొరుగువాడికి బుద్ధి చెప్పామని రెండు వైపులా చెప్పుకోవచ్చు, బిల్లు మాత్రం టికెట్ కొన్నవాడికి వస్తోంది.

అల్మాటీకి మెడిసిన్ చదవడానికి వెళ్లే మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. హైదరాబాద్ నుంచి నేరుగా లెక్కేస్తే సుమారు 2,900 కిలోమీటర్లు. షార్జా మీదుగా వెళ్తే ఐదు వేలు దాటుతుంది, మధ్యలో ఎయిర్‌పోర్టులో పడిగాపులు అదనం. టికెట్ బుక్ చేసేటప్పుడు కిలోమీటర్లు కాదు, విమానం ఏ దేశానిదో చూడండి.