తొంభై అంటే తొంభయ్యేనా?

(టర్న్ బేస్డ్ స్ట్రాటజీ గేముల్లో, అంటే వంతులవారీగా ఎత్తులు వేసే వీడియో గేముల్లో, పైకి కనిపించని యుద్ధం రూల్స్‌ని పరీక్షించడం అవసరమా, కాదా అని ఇద్దరు స్నేహితుల వాదన.)

ఆటరాయుడు: దెబ్బ తగిలే అవకాశం 90 శాతం అని స్క్రీన్ మీదే వేశాక ఇంకా పరీక్షలేంట్రా? గేమ్ కొన్నది ఆడుకోవడానికా, ఆడిట్ చేయడానికా?

లెక్కలరాయుడు: వేసింది నిజమైతే నాకు పనే లేదు. 2002లో వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ తీసుకో. అది 0 నుంచి 99 వరకు ఏవో రెండు నంబర్లు తీసి, సగటు చూస్తుంది. సగటు 90 కన్నా తక్కువైతే దెబ్బ తగిలినట్టు. లెక్క కడితే 90 చూపించినప్పుడు అసలు అవకాశం 98.1. అదే 25 చూపిస్తే 12.75 మాత్రమే.

ఆటరాయుడు: మనకి మేలేగా!

లెక్కలరాయుడు: శత్రువుకీ అదే రూల్. నీ మీద 75 చూపించాడంటే దాదాపు 88 అన్నమాట. తప్పించుకోవడంలో దిట్టైన సైనికుణ్ని ముందు నిలబెడితే ఎంత లాభమో కూడా స్క్రీన్ చెప్పదు.

ఆటరాయుడు: చెప్పకపోతేనే బాగుంది. గెలిచే అవకాశం మూడింతలున్నా ఓడిపోతే ఆటగాళ్లు ఒప్పుకోరని సివిలైజేషన్ గేమ్ చేసిన సిడ్ మేయర్ 2010లోనే గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో అన్నాడు. మన మనసుకి తగ్గట్టు కాస్త సర్దితే తప్పేంటి?

లెక్కలరాయుడు: తప్పనలేదు. ఎంత సర్దారో తెలియాలంటున్నా.

ఆటరాయుడు: నీ పరీక్ష సంగతి చూశాలే. సేవ్, కొట్టు, లోడ్, మళ్లీ కొట్టు. ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్‌లో మామూలు సెట్టింగ్‌తో అలా చేస్తే, రాబోయే నంబర్లు కూడా సేవ్‌లోనే ఉంటాయి కాబట్టి, ప్రతిసారీ అదే ఫలితం. వందసార్లు లోడ్ చేసినా నీకు దొరికింది ఒక్క షాటే!

లెక్కలరాయుడు: అందుకే ముందు అదే తేలుస్తా. ఫలితం మారకపోతే, లోడ్ చేసిన ప్రతిసారీ ముందు మిగతా సైనికులతో వేర్వేరు సంఖ్యలో షాట్లు వేయించి, ఆ తర్వాత నాది కొడతా. ఆయుధం, దూరం, నేల మాత్రం కదిలించను.

ఆటరాయుడు: ఎన్నిసార్లని కొడతావ్?

లెక్కలరాయుడు: 75కీ 88కీ తేడా తేల్చడానికి వంద చాలు. నాలుగైదు అటూఇటూ ఊగినా పదమూడు తేడా దాగదు. ఏదో బోనస్ మూడు శాతం ఉందా లేదా అంటే మాత్రం వెయ్యి దాటాలి. చేత్తో నావల్ల కాదు, స్క్రిప్ట్ రాయాల్సిందే. వెస్నోత్ లాంటి ఓపెన్ సోర్స్ గేమ్ అయితే ఆ గొడవే లేదు, కోడ్ తెరిచి చూసేస్తా.

ఆటరాయుడు: మరి ఎక్స్‌కామ్ 2? సులువు లెవెళ్లలో వరుసగా మిస్సయితే తర్వాతి షాట్‌కి గుట్టుగా బోనస్ కలుపుతుంది. ఇక నీ వంద షాట్ల సగటు ఎందుకు పనికొస్తుంది?

లెక్కలరాయుడు: మంచి పాయింట్. సగటు ఒక్కటే రాస్తే బోల్తాపడినట్టే. మిస్ తర్వాత కొట్టినవి ఒక వరుసలో, తగిలాక కొట్టినవి ఇంకో వరుసలో రాస్తా. మొదటి వరుసలో ఎక్కువ తగిలితే గుట్టు బయటపడినట్టే. నీ సేవ్ ఫైల్ ఇవ్వు, నీ లెవెల్లోనే చూద్దాం.

ఆటరాయుడు: ఇస్తా. కానీ ఇన్నాళ్లూ నన్ను గెలిపించింది ఆ బోనసే అని తేలితే నాకు చెప్పకు.